రెండు గోడల కట్టెల పొయ్యి అడుగు తూట్లు పడింది, పొగ కూడా ఆగట్లేదు

#1 ఎండుపుల్ల

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర ఒక చిన్న కట్టెల పొయ్యి ఉంది. డబ్బాలో డబ్బా పెట్టినట్టు రెండు గోడలు, లోపలి గోడకు పైఅంచు చుట్టూ వరసగా బెజ్జాలు, కింద జల్లెడ, దాని కింద బూడిద పళ్ళెం. కారు డిక్కీలో పెట్టుకుని వెళ్ళి ఆరుబయట వండుకోవడానికి కొన్నాను. మొదటి ఆరు నెలలు అది మండే తీరు చూస్తూ కూర్చోవాలనిపించేది. పై బెజ్జాల్లోంచి చిన్న చిన్న మంటలు లోపలికి వంగి మండేవి. పొగ అన్నది కనపడేది కాదు. గిన్నె అడుగు కూడా పెద్దగా నల్లబడేది కాదు.

ఇప్పటికి ఏడాదిన్నర అయ్యింది. పొగ కళ్ళు తెరవనివ్వట్లేదు. కట్టెలు రెట్టింపు పడుతున్నాయి, గిన్నెల మసి ఎంత తోమినా వదలట్లేదు. మొన్న శుభ్రం చేద్దామని పొయ్యిని బోర్లిస్తే బూడిద పళ్ళెంలో చిల్లులు కనిపించాయి. బొటనవేలితో నొక్కితే ఎండుటాకులా పొరలు పొరలుగా విరిగి రాలింది. జల్లెడ కూడా మధ్యలో కుంగిపోయి ఉంది.

పారేయాలా, బాగుచేయించుకోవచ్చా? అసలు నేనేం తప్పు చేశానో తెలిస్తే ఇంకోటి కొన్నా అదే తప్పు చేయకుండా ఉంటాను.

#2 కొలిమి

ఎండుపుల్ల గారూ, తొందరపడి పారేయకండి. గోడలు గట్టిగా ఉంటే ఆ పొయ్యికి ఇంకా చాలా ఆయుష్షు ఉన్నట్టే. ముందు నాకు కొన్ని సంగతులు చెప్పండి. వంట అయ్యాక బూడిద ఎప్పుడు తీస్తారు? పొయ్యిని ఎక్కడ, దేంట్లో పెడతారు? ఎప్పుడైనా నిప్పుల మీద నీళ్ళు పోశారా? ఒక అయస్కాంతం తీసుకుని లోపలి గోడకు, పళ్ళేనికి, జల్లెడకు విడివిడిగా ఆనించి చూడండి. ఎక్కడ అతుక్కుందో, ఎక్కడ అతుక్కోలేదో రాయండి.

#3 ఎండుపుల్ల

బూడిద వెంటనే తీసేవాణ్ణి కాదండీ. కింద ఒక పొర ఉంటే వేడి నిలుస్తుందని ఎవరో చెబితే విని, పళ్ళెం నిండాకే తీసేవాణ్ణి. అంటే నాలుగైదు వంటలకోసారి. చల్లారాక దాంతో వచ్చిన గుడ్డ సంచిలో పెట్టి, మూతి బిగించి, వరండాలో ఒక మూల ఉంచుతాను. అక్కడికి అప్పుడప్పుడు వాన జల్లు కొడుతుంది. తొందరగా బయల్దేరాల్సి వచ్చినప్పుడు రెండు మూడుసార్లు నీళ్ళు చల్లి ఆర్పాను కూడా.

అయస్కాంతం లోపలి గోడకు అంటుకోలేదు. పళ్ళేనికీ జల్లెడకీ మాత్రం గట్టిగా పట్టుకుంది.

#4 కొలిమి

అనుకున్నదే అయ్యింది. మీ గోడలు మంచి స్టెయిన్‌లెస్ స్టీలే, బహుశా 304 రకం. అది అయస్కాంతానికి అంటుకోదు, వంచిన చోట మాత్రం కొద్దిగా లాగొచ్చు. పళ్ళెం, జల్లెడ మామూలు ఇనుప రేకు అయి ఉండాలి. స్టెయిన్‌లెస్‌లోనే అయస్కాంతం పట్టుకునే 430 లాంటి రకాలున్నాయి గానీ, అవి ఏడాదిన్నరకే ఇలా పొరలుగా రాలవు.

దాన్ని తిన్నది మంట కాదండీ, ముఖ్యంగా బూడిద. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. ఎండిన బూడిద ఎవరినీ ఏమీ చేయదు. కానీ కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేట్ లాంటి లవణాలుంటాయి, కొద్దిగా క్లోరైడ్లూ ఉంటాయి. మూత తెరిచి పెట్టిన ఉప్పు డబ్బా తడిగాలికి ఎలా చెమ్మగిల్లుతుందో, బూడిద కూడా గాలిలోని తేమను అలాగే లాక్కుంటుంది. పైకి పొడిగా కనిపిస్తుంది. వేలితో అడుగు దాకా గీకి చూస్తే పళ్ళేనికి ఆనుకున్న పొర ముద్దగా ఉంటుంది. ఆ ఉప్పు తడి వారాల తరబడి ఇనుముకు అంటుకుని కూర్చుంటే తుప్పు పడుతుంది. తర్వాతి వంటలో ఆ తుప్పు పొర కాలి పెళుసై రాలుతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది. మళ్ళీ బూడిద, మళ్ళీ తడి. ఒక మిల్లీమీటరు రేకు ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

సంచి మూతి బిగించడం కూడా మంచిది కాదు. బయటి తడిని అది పూర్తిగా ఆపదు, లోపల చేరిన తడిని త్వరగా పోనివ్వదు. ఇక ఎర్రగా కాలిన రేకు మీద నీళ్ళు పడితే ఒక చోట హఠాత్తుగా ముడుచుకుంటుంది, పక్క చోటు ఇంకా సాగే ఉంటుంది. మీ జల్లెడ కుంగడంలో దాని పాత్ర కూడా ఉండొచ్చు.

వేడి నిలుస్తుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. నేల మీద నేరుగా వేసే మంటకు, ఇటుక పొయ్యికి బూడిద పరుపు మంచిదే. పలచని రేకు పొయ్యికి ఆ సలహా పనికిరాదు.

#5 పొగగొట్టం

కొలిమి గారు చిల్లుల సంగతి చెప్పారు కాబట్టి పొగ సంగతి నేను చెబుతాను. ఎండుపుల్ల గారూ, మీరు రెండు సమస్యలనుకుంటున్నవి చాలావరకు ఒకటే.

కట్టె వేడెక్కితే 200, 300 డిగ్రీల సెల్సియస్ మధ్య విచ్చిపోవడం మొదలై వాయువులు వదులుతుంది. మనం చూసే మంట ఎక్కువగా ఆ వాయువులదే. అవి పూర్తిగా మండాలంటే సుమారు 600 డిగ్రీలు, పైన కొత్త గాలి కావాలి. ఈ రెండిట్లో ఏది చాలకపోయినా మండని వాయువే పొగగా కళ్ళలోకి వస్తుంది, మసిగా గిన్నెకు పడుతుంది.

రెండు గోడల పొయ్యి కిటుకు ఇక్కడే ఉంది. కింద బెజ్జాల్లోంచి వచ్చిన గాలిలో కొంత జల్లెడ గుండా కట్టెకు చేరుతుంది. మిగతాది రెండు గోడల మధ్య పైకి పాకుతూ వేడెక్కి, పై బెజ్జాల్లోంచి మంటలోకి దూరుతుంది. మీరు చూస్తూ కూర్చున్న ఆ చిన్న మంటలు అవే. మండకుండా తప్పించుకోబోయే పొగను అక్కడ పట్టి కాలుస్తున్నాయన్నమాట.

ఇప్పుడు మీ పళ్ళెం చిల్లులు పడింది, జల్లెడ కుంగి సందులు పెద్దవయ్యాయి. అడుగునుంచి గాలి ఎక్కువగా నేరుగా కట్టెకు తగులుతోంది. కట్టె గబగబా వాయువు వదిలేస్తోంది, అందుకే రెట్టింపు కట్టె. పైన దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేదు, అందుకే పొగ. రాలిన తుప్పు పెళ్ళలు, మసి కలిసి పై బెజ్జాల్లో కొన్నిటిని మూసేసి కూడా ఉంటాయి. ఒక్కొక్క దాంట్లో సన్న మేకు పెట్టి తిప్పి చూడండి.

ఇంకో విషయం. కట్టెలు పై బెజ్జాల వరస దాటి పేరుస్తున్నారా? ఆ వరసకు కనీసం రెండు వేళ్ళ మందం కిందే ఆపాలి. దాటితే గాలి వచ్చే దారిని మన కట్టెలతో మనమే మూసినట్టు.

#6 ఊదుగొట్టం

పళ్ళెం మార్చడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పైకప్పుకు వేసే జింకు పూత రేకు ముక్క ఏదైనా ఉంటే గుండ్రంగా కత్తిరించి పెట్టేయండి, తుప్పు పట్టదు. నేను అలాగే చేద్దామనుకుంటున్నాను. గిన్నెల మసికి తడి బూడిద రాసి రాత్రంతా వదిలేయండి, పొద్దున సులువుగా వస్తుంది.

#7 కొలిమి

ఊదుగొట్టం గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ దయచేసి ఆ రేకు వాడకండి, ఇది చదివేవాళ్ళెవరూ వాడకండి. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నిప్పులు నేరుగా తగిలే చోట అంతకన్నా చాలా ఎక్కువ వేడి ఉంటుంది. అక్కడ పూత కాలి తెల్లటి జింకు ఆక్సైడ్ పొగ రావచ్చు. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఛాతీ పట్టేయడం వస్తాయి. వెల్డింగ్ పనిలో ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో పూత గీకకుండా వెల్డింగ్ చేసి ఒక రాత్రంతా దుప్పటి కప్పుకుని వణికాను. వంట చేసే చోట ఆ పొగ ఎవరికీ వద్దు. జింకు పూత బకెట్లు, డ్రమ్ములు పొయ్యిలుగా మార్చేవాళ్ళకూ ఇదే మాట.

రెండో సలహా గురించి: స్టీలు గిన్నెకైతే బూడిదతో తోమడం బాగానే ఉంటుంది. అల్యూమినియం గిన్నెకు మాత్రం తడి బూడిద రాసి వదిలేయకండి. తడిసిన బూడిద గాఢమైన క్షారం, అల్యూమినియాన్ని కరిగిస్తుంది. పొద్దున చూస్తే మచ్చలు, గుంటలు పడతాయి.

ఎండుపుల్ల గారికి నా సలహా: 304 స్టెయిన్‌లెస్‌లో ఒకటిన్నర నుంచి 2 మి.మీ. మందం పళ్ళెం కోయించుకోండి. వెల్డింగ్ చేయించకండి, వదులుగా కూర్చోబెట్టండి. కారణం చెబుతాను. 200 మి.మీ. వెడల్పున్న 304 పళ్ళెం 500 డిగ్రీలు వేడెక్కితే అటూ ఇటూ కలిపి సుమారు 1.7 మి.మీ. పెరుగుతుంది. చుట్టూ బిగించేస్తే ఆ పెరుగుదలకు చోటు లేక పొట్టలా ఉబ్బుతుంది, లేదా అతుకు చిట్లుతుంది. పళ్ళేనికీ గోడకూ మధ్య చుట్టూ మిల్లీమీటరున్నర సందు చాలు. వదులుగా ఉంటే బూడిద తీయడమూ తేలిక.

#8 ఊదుగొట్టం

ఇది నాకు తెలియదు. రేకు కత్తిరించి సిద్ధంగా పెట్టుకున్నాను, వాడకముందే చెప్పారు. చాలా థ్యాంక్స్ అండీ.

#9 వేసవిగాలి

ఇంతవరకూ కట్టె గురించి ఎవరూ అడగలేదు. ఎండుపుల్ల గారూ, మొదటి ఆరు నెలల్లో వాడిన కట్టెలూ, ఇప్పటివీ ఒకటేనా? కట్టె పచ్చిగా ఉంటే ఎంత మంచి పొయ్యి అయినా పొగే వస్తుంది.

కొత్తగా కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. అలాంటి కిలో కట్టెలో ఉన్న అర కిలో నీళ్ళను ఆవిరి చేయడానికి పోయే వేడితో 4 లీటర్ల నీళ్ళను మరిగే దాకా తేవచ్చు. ఆ వేడి గిన్నెకు చేరదు. అంతకన్నా ముఖ్యంగా ఆ ఆవిరి మంటను చల్లబరుస్తుంది. పొగగొట్టం గారు చెప్పిన 600 డిగ్రీలు ఇక ఎక్కడ అందుతాయి? తేమ 20 శాతం లోపు ఉన్న కట్టే పొయ్యికి పనికొస్తుంది.

తేమ కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. కానీ చాలామంది కట్టె బయట గుచ్చి చూసి ఎండిందనుకుంటారు. కట్టెను మధ్యకు చీల్చి, అప్పుడే బయటపడిన లోపలి ముఖం మీద గుచ్చాలి. మీటరు లేకపోతే రెండు కట్టెల్ని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినది టంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. ఎండిన కట్టె కొసల్లో నడిమధ్య నుంచి బయటికి నెర్రెలు కనపడతాయి, బెరడు వేలితో లాగితే ఊడొస్తుంది. చీల్చిన ముఖాన్ని చెంపకు ఆనించి చూడటం నా అలవాటు. లోపల తడి ఉంటే చల్లగా తగులుతుంది. మంటలో పెట్టాక కొసనుంచి నురగ కక్కుతూ సుయ్‌మందంటే ఇంక పరీక్షలే అక్కర్లేదు, దాన్ని తీసి పక్కన పెట్టండి.

చిన్న పొయ్యికి బొటనవేలి లావు పేళ్ళు చాలు. దుంగగా ఉంటే ఏడాదికి ఆరేది చీలిస్తే చాలా ముందే ఆరుతుంది, ఎందుకంటే తడి బెరడులోంచి కన్నా చీలిన ముఖంలోంచి సులువుగా పోతుంది. నేలకు తగలకుండా, పైన మాత్రం కప్పి, పక్కల గాలి ఆడేలా పేర్చండి. చుట్టూ పట్టా చుట్టేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

#10 ఎండుపుల్ల

వేసవిగాలి గారూ, నిజమేనండీ. మొదట్లో ఒక స్నేహితుడు ఇచ్చిన పాత చెక్క ముక్కలు వాడాను, బాగా ఎండినవి. అవి అయిపోయాక ఈమధ్య కొట్టిన కొమ్మలు తెచ్చి వాడుతున్నాను. ఇప్పుడే ఒకటి చీల్చి చెంపకు ఆనించాను. చల్లగా ఉంది.

#11 మూడురాళ్ళు

పాత చెక్క ముక్కలంటే గుర్తొచ్చింది. ఏ చెక్క పడితే అది కాల్చకండి. రంగు, వార్నిష్ ఉన్నది, ప్లైవుడ్ లాంటి జిగురుతో చేసిన పలకలు, చెద పట్టకుండా మందు ఎక్కించిన కలప, ఇవేవీ వంట మంటలోకి రాకూడదు. పాత మందు కలపలో క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపి ఎక్కించేవాళ్ళు. కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలోనూ మిగతాది బూడిదలోనూ చేరుతుంది. సరుకు రవాణాకు వాడే చెక్క పలకల మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది, దాన్ని ముట్టుకోవద్దు. హెచ్‌టీ ఉన్నా దాని మీద ఏదైనా ఒలికిన మరక కనపడితే వదిలేయండి.

గన్నేరు కొమ్మలు నిటారుగా, నున్నగా ఉంటాయి కాబట్టి చాలామంది తీసుకోబోతారు. అది నిలువెల్లా విషం. పొయ్యిలో పెట్టడానికీ వద్దు, మాంసం గుచ్చి కాల్చే పుల్లగా అసలే వద్దు.

ఇక నా మాట. వారం వారం బయట వండేవాళ్ళు రాకెట్ పొయ్యి గురించి కూడా ఆలోచించాలి. 1980ల మొదట్లో అమెరికాలోని అప్రొవెచో పరిశోధనా కేంద్రంలో లారీ వినియార్‌స్కీ దాని సూత్రాలు రూపొందించారు. అడ్డంగా ఒక చిన్న సొరంగం, దాని చివర నిలువుగా ఒక గొట్టం, చుట్టూ వేడిని బయటికి పోనివ్వని తేలికైన పూరకం. పుల్లల కొసలు మాత్రమే మండుతాయి, మండిన కొద్దీ లోపలికి ఎగదోస్తాం. సొరంగంలో పుల్లల కింద ఒక పలక ఉంటుంది, దాని అడుగునుంచి గాలి వెళ్తుంది. ఈ పలక సంగతి తెలియక చాలామంది తీసేస్తారు, లేదా దాని కింద కూడా పుల్లలు కుక్కుతారు. గాలి దారి మూస్తే అదీ పొగ పొయ్యే.

దాంట్లో నాకు నచ్చింది మంట మన చేతిలో ఉండటం. రెండు పుల్లలు వెనక్కి లాగితే సెగ తగ్గుతుంది, ముందుకు తోస్తే పెరుగుతుంది. గిన్నె చుట్టూ వేలి మందం సందు వదిలి ఒక రేకు చుట్టు పెడితే వేడిగాలి గిన్నె పక్కల్ని కూడా రాసుకుంటూ పోతుంది, కట్టె బాగా కలిసొస్తుంది. దీనికి ఓపిక కావాలి, పక్కనే కూర్చుని పుల్లలు తోస్తూ ఉండాలి. కుదరనివాళ్ళకు ఎండుపుల్ల గారి రకమే మేలు.

#12 పొగగొట్టం

మూడురాళ్ళు గారితో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. రెండు గోడల పొయ్యి కూడా పైనుంచి రాజేస్తే చాలాసేపు మన జోలికి రాదు. పేళ్ళు నిలువుగా, మరీ కుక్కకుండా నింపి, పైన చితుకులు పెట్టి అంటించండి. మంట పైన ఉంటుంది, వేడి మెల్లగా కిందికి దిగుతూ కట్టెను కొద్దికొద్దిగా విచ్చదీస్తుంది. వచ్చిన వాయువు మంటలోంచే పైకి పోవాలి కాబట్టి కాలిపోతుంది. కిందనుంచి అంటిస్తే కట్టెలన్నీ ఒక్కసారే వేడెక్కి గుప్పున పొగ వస్తుంది. అమెరికాలో టామ్ రీడ్ 1985 ప్రాంతంలో ఈ తలకిందుల పద్ధతి మీద పని మొదలుపెట్టారు, చాలా చిన్న పొయ్యిలు ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి. మధ్యలో కట్టె వేయాల్సి వస్తే ఒక్కో పేడు వేయండి, గుప్పెడు ఒకేసారి వేయకండి.

#13 అడవిదారి

ఆలస్యంగా వచ్చాను. ఎండుపుల్ల తమ్ముడూ, ఆ పళ్ళెం మారేదాకా పొయ్యి ముట్టించొద్దు. చిల్లుల్లోంచి నిప్పురవ్వ ఎండుగడ్డి మీద పడితే మీకు కనపడను కూడా కనపడదు, పొయ్యి దానిమీదే కూర్చుని ఉంటుంది కదా.

నేను గుడారాలేసుకుని తిరిగేదాన్ని. ఒకసారి సాయంత్రం వాన మొదలైంది. మాతో వచ్చిన ఒకతను మంట ఆరిపోయింది, నిప్పులే కదా అని పొయ్యిని గుడారంలోకి తెచ్చి గుమ్మం జిప్పు వేశాడు. వెచ్చగా ఉందని అందరం చేరాం. పొగ లేదు, వాసన లేదు. అరగంటకు నాకు తల దిమ్మెక్కింది, పక్కనున్న అమ్మాయి వాంతి వస్తోందంది. నిలబడబోతే కాళ్ళు తేలిపోయాయి. ఎలాగో జిప్పు లాగి అందరం వానలోకి వచ్చిపడ్డాం. ఇంకో గంట అలాగే నిద్రపోయి ఉంటే ఈ మాట రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

మంట ఆరి నిప్పులు మిగిలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుడారం, కారు, గది, మూసిన వరండా, వీటిలో దేంట్లోకీ పొయ్యిని తేవద్దు. చల్లారిందనిపించినా తేవద్దు. కిటికీ తెరిచాం కదా అనుకోవద్దు.

బూడిద పారేసేటప్పుడు కూడా జాగ్రత్త. పైకి తెల్లగా చల్లారినట్టున్న బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉండగలదు. ప్లాస్టిక్ సంచిలో, అట్టపెట్టెలో వేయకండి. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, నీళ్ళు పోసి కలిపి, చెయ్యి వెనకవైపు దగ్గరగా పెట్టి చూసి, సెగ తగలకపోతేనే పారేయండి. నీళ్ళు డబ్బాలో పోయాలి, పొయ్యిలో కాదు. ఈ తేడా గుర్తుంచుకుంటే కొలిమి అన్నయ్య చెప్పిన ఇబ్బందీ ఉండదు.

పొయ్యి పెట్టే చోట చుట్టూ గడ్డి, ఆకులు మట్టి కనపడేదాకా ఊడ్చేయండి. గుడారానికి కనీసం 3 మీటర్ల దూరం. పక్కన నిండు బకెట్టు. పొయ్యికి ఊతంగా వాగులోంచి తెచ్చిన రాళ్ళు పెట్టకండి. లోపల ఇంకిన నీళ్ళు ఆవిరై రాయి పేలి ముక్కలు ఎగురుతాయి.

#14 సాయంకాలం

రాయి పేలడం అన్నారు కాబట్టి నా ప్రశ్న ఇక్కడే అడుగుతాను. నాది కాళ్ళు మడిచే చిన్న కట్టెల ఓవెన్, పిజ్జా, రొట్టెలు కాల్చేది. లోపల పరిచిన రాతి పలక నిన్న నడిమికి పగిలింది. జున్ను కారి అంటుకుపోతే మొన్న సబ్బు నీళ్ళతో కడిగాను. నిన్న త్వరగా వేడెక్కాలని మొదటినుంచే పెద్ద మంట వేశాను. పలక నాసిరకమా, నాదే తప్పా?

#15 పొగగొట్టం

సాయంకాలం గారూ, పలక నాసిరకం అనుకోనక్కర్లేదు. ఆ రాతికి సన్న రంధ్రాలుంటాయి, నీళ్ళు పీల్చుకుంటుంది. పైకి ఆరినట్టున్నా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. పెద్ద మంట వేస్తే ఆ తడి ఆవిరై దారి కోసం తోస్తుంది. పైగా మంట వైపు పలక సాగుతుంటే ఇటువైపు ఇంకా చల్లగా ఉంటుంది. రెండూ కలిసి పగలగొట్టాయి.

కొత్త పలక వచ్చాక మొదటిసారి ఏమీ కాల్చకుండా చిన్న మంట మీద ముప్పావు గంట ఉంచండి. చల్లారాక మళ్ళీ ఇంకొంచెం పెద్ద మంట. ఆ తర్వాతే వంట. వంట రోజున కూడా పావుగంట చిన్న మంటతో మొదలుపెట్టి పెంచండి. పలక ఎప్పుడూ కడగొద్దు. అంటుకున్నది అక్కడే కాలి పొడి అవుతుంది, ఇత్తడి కుంచెతో దులిపితే పోతుంది. నల్ల మచ్చలు మిగిలితే మిగలనివ్వండి, రుచికి ఏమీ కాదు.

దూరం నుంచి వేడి చూపించే థర్మామీటరు ఉంటే రాతి మీదకే చూపించండి. పిజ్జాకు 400 డిగ్రీల పైన కావాలి. గాలి వేడెక్కినంత త్వరగా రాయి వేడెక్కదు, అందుకే పైన మాడి కింద పచ్చిగా వస్తుంటుంది. మంట పెంచి కాదు, రాయికి టైమిచ్చి సరిచేయాలి.

#16 వేసవిగాలి

సాయంకాలం గారూ, ఓవెన్‌లో కలప గుళికలు వాడుతుంటే వాటినీ తడికి దూరంగా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి. తేమ తగిలితే ఉబ్బి రంపపు పొట్టులా విడిపోతాయి, గాలి దారికి అడ్డంపడి పొగ పెడతాయి. వంటకని చెప్పి అమ్మేవే కొనండి.

#17 ఎండుపుల్ల

నెల తర్వాత వస్తున్నాను. అందరికీ చేతులెత్తి దండం.

పళ్ళెం, జల్లెడ రెండూ 304లో 2 మి.మీ. మందంతో చేయించాను. చుట్టూ సందు వదిలి వదులుగా పెట్టాను. పై బెజ్జాలు మొత్తం 48, వాటిలో 19 పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. మేకుతో ఒక్కొక్కటి తిప్పుతుంటే నల్లటి పొలుసులు రాలాయి. రెండు గోడల మధ్య కూడా తుప్పు పొడి చాలా చేరింది, బోర్లించి తడితే గుప్పెడు వచ్చింది. కొత్త రేకుకు తయారీలో అంటిన నూనె పోవాలని మొదటిసారి వంట లేకుండా గంటసేపు మండించాను. ముందు కాస్త వాసన, పొగ వచ్చి తర్వాత తగ్గిపోయాయి. పళ్ళెం గోధుమ, నీలి రంగులు తేలింది. కంగారుపడి కొలిమి గారికి విడిగా రాస్తే, స్టెయిన్‌లెస్ వేడికి అలా రంగు మారడం సహజమేనని చెప్పారు.

ఎండిన పేళ్ళు మీటరుతో కొలిచి 16 శాతం ఉన్నవే తీసుకున్నాను. పైనుంచి రాజేశాను. మొదటి నాలుగైదు నిమిషాలు మామూలుగా మండి, తర్వాత పై బెజ్జాల్లో ఒకటి, దాని పక్కన ఇంకొకటి, అలా చుట్టూ మంటలు అందుకున్నాయి. పొగ సన్నబడి, సన్నబడి, కనపడకుండా పోయింది. లీటరు నీళ్ళు మరగడానికి పోయిన నెల 17 నిమిషాలు పట్టింది, ఈసారి 9. గిన్నె అడుగుకు ముందే పలచగా గిన్నెల సబ్బు రాసి పెట్టాను, ఉన్న కాస్త మసీ తడిగుడ్డతో తుడిస్తే వచ్చేసింది.

ఒక్క సందేహం. బూడిద ఆరోజే తీసేస్తున్నాను. అయినా జల్లెడ కూర్చునే అంచు దగ్గర సన్నగా కొంత మిగిలిపోతోంది, గుడ్డ అందట్లేదు. వదిలేయొచ్చా?

#18 కొలిమి

వదలకండి. పాత పెయింట్ బ్రష్ ఒకటి వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి పొయ్యితోనే ఉంచుకోండి, ఆ అంచు చుట్టూ ఒకసారి తిప్పితే చాలు. తడిగుడ్డ వద్దు, పొడిగానే. పెట్టేటప్పుడు సంచి మూతి తెరిచి, పొయ్యిని నేలకు తగలకుండా రెండు చెక్క ముక్కల మీద పెట్టండి, వాన జల్లు రాని చోట. కాళ్ళు మామూలు ఇనుమే అయితే వాటికి నెలకోసారి వంటనూనె తడిపిన గుడ్డతో పలచగా ఒక పూత. మంట తగిలే చోట నూనె రాయకండి, పొగే వస్తుంది.

ఆ పాత పళ్ళెం పారేయకముందు ఒక ఫోటో తీసి ఇక్కడ పెడతారా? కొత్తగా కొన్నవాళ్ళు చూస్తే బాగుంటుంది.

#19 ఎండుపుల్ల

ఇంకా ఉందండీ, గోడకు ఆనించి పెట్టాను. రేపు వెలుతురులో తీసి పెడతాను.